దళిత వేదాంత విద్యార్థి: చదువు, సేవ, పోషణ

తెలుగునాట దళితుల చదువు గురించి రాసేటప్పుడు మనం సాంఘిక సంక్షేమ హాస్టళ్ల గురించి రాశాం. యూనివర్సిటీ క్యాంపస్‌ల గురించి రాశాం. మిషన్ బడుల గురించీ కొంత రాశాం. సెమినరీ గురించి మాత్రం దాదాపు ఏమీ రాయలేదు. కారణాలు వెతకడం కష్టం కాదు. వామపక్షం నుంచి వచ్చినవాళ్లకి అది మతం వ్యవహారం. అంబేడ్కర్ దారిలో బౌద్ధం వైపు చూసేవాళ్లకి అది దొరల మతం. చర్చి పెద్దలకేమో అది 'దేవుని పిలుపు', బయటివాళ్లు తలదూర్చకూడని విషయం. ఈ ముగ్గురి మధ్య మాలపల్లె నుంచో మాదిగ గూడెం నుంచో వచ్చి, నాలుగైదేళ్లు హీబ్రూ, గ్రీకు దాకా చదివి, ఆదివారాలు వాడల్లో సేవ చేసే కుర్రాడు ఎవరికీ కనపడకుండా పోయాడు. అతని మెస్సు బిల్లు ఎవరు కడుతున్నారు, ఎందుకు కడుతున్నారు, కట్టగలిగీ కట్టనివాళ్లు ఎందుకు కట్టడం లేదు అని అడిగితే, అది ఒక్క చర్చి ప్రశ్నగా ఆగదు. ఈ దేశంలో కులానికీ కాగితానికీ ఉన్న సంబంధం మొత్తం బయటపడుతుంది.

ఈ వ్యాసంలో మాట్లాడేది ముఖ్యంగా హైదరాబాద్ తూర్పు వైపు, అంటే ఉప్పల్, నాచారం, మల్లాపూర్, రామంతపూర్ చుట్టుపక్కల గురించి. కాకపోతే ఇక్కడి కథ ఒంగోలు దగ్గర మొదలైంది. ముందు అక్కడికి వెళ్లి రావాలి.

పేరయ్య నుంచి సెరంపూర్ దాకా

1866లో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ల వ్యాపారం చేసుకునే మనిషి, తన భార్య నాగమ్మతో కలిసి అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. పేరయ్య అంతకుముందే యోగ మార్గం గురువుల దగ్గర నేర్చుకున్న మనిషి. మిషన్ చరిత్రలు ఈ మాట చెప్పి ముందుకు వెళ్లిపోతాయి. మనం ఇక్కడ కాస్త ఆగాలి. దొరలు వచ్చి బడి పెట్టకముందే మాదిగల్లో గురుశిష్య సంప్రదాయం ఉంది. ఊరు ఊరు తిరిగే గురువుకు గూడెం తిండి పెట్టే అలవాటూ ఉంది. మొదటి తరం తెలుగు బోధకులు ఈ అలవాటు మీద నిలబడ్డారే కానీ, బోస్టన్ నుంచి వచ్చే డాలర్ల మీద మాత్రమే కాదు.

తర్వాత 1876-78 కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి కూలి ఇప్పించాడు. కరువు సాయం నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అది ముగిశాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలోకి దిగి ఇచ్చినవాళ్లు ఆరుగురు, ఆరుగురూ స్థానిక బోధకులే. ఈ ఆరుగురి వెనకాల చదువు ఉంది. ఒంగోలుకు దక్షిణాన సముద్రం ఒడ్డున రామాయపట్నంలో 1870లలోనే బాప్టిస్టులు సెమినరీ నడిపారు. అక్షరం చెప్పకూడదన్న కులానికి మొదటి ఉన్నత విద్య, అది ఏ రకం ఉన్నత విద్య అయినా, అక్కడ దొరికింది.

అటు గోదావరి జిల్లాల్లో లూథరన్‌లు, కెనడియన్ బాప్టిస్టులు, ఇటు డోర్నకల్‌లో ఆంగ్లికన్‌లు తమ తమ బోధకుల బడులు నడుపుకున్నారు. డోర్నకల్‌కి 1912లో వి.ఎస్. అజరయ్య బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఊరి ఉపాధ్యాయుడే ఊరి బోధకుడు, ఆయన భార్య కూడా అందులో సగం పనిమనిషి, సంఘం తన బోధకుణ్ణి తానే పోషించుకోవాలి అన్నది ఆయన పట్టు. 'పిడికెడు బియ్యం' అని మన చర్చిల్లో ఇప్పటికీ వినపడే మాట, వంట చేసే ముందు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేసే ఆచారం, ఈ స్వయంపోషణ ఆలోచనకు చెందిందే. బియ్యం లేని ఇల్లు కూడా ఇవ్వగలిగే కానుక అది. జొన్నలున్న ఇంట్లో జొన్నలు.

1964లో లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు, సి.ఎస్.ఐ. సంఘాలు ఎవరి బడి వాళ్లు నడపడం మాని, కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల పెట్టాయి. 1970లలో అది హైదరాబాద్ వచ్చి లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర గాంధీనగర్‌లో స్థిరపడింది. కేథలిక్కుల గురు విద్యాలయం, సెయింట్ జాన్స్ రీజనల్ సెమినరీ, రామంతపూర్‌లో ఉంది. అంటే ఉప్పల్ బస్సెక్కి అటో ఇటో కాస్త దూరం పోతే రెండు పెద్ద సంప్రదాయాల వేదాంత విద్య దొరుకుతుంది. ఇవికాక ఉప్పల్, నాచారం కాలనీల్లో అద్దె ఇళ్లలో నడిచే చిన్న బైబిలు స్కూళ్లు వేరే.

డిగ్రీ ఎక్కడిది అనేది విద్యార్థులకే సరిగా తెలియని విషయం కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. ప్రొటెస్టెంట్ కాలేజీల్లో ఎక్కువ గుర్తింపు ఉన్నది సెరంపూర్ సెనేట్ డిగ్రీకి. బెంగాల్‌లో హుగ్లీ ఒడ్డున సెరంపూర్ అప్పట్లో డెన్మార్క్ వాళ్ల చేతిలో ఉండేది. విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డ్ 1818లో అక్కడ కాలేజి పెట్టారు. 1827లో డెన్మార్క్ రాజు డిగ్రీలిచ్చే అధికారంతో చార్టర్ ఇచ్చాడు. 1918లో బెంగాల్ శాసనసభ సెరంపూర్ కాలేజి చట్టం చేసింది. ఆ చట్టం కింద ఏర్పడ్డ సెనేటే ఈనాటికీ దేశంలోని అనుబంధ కాలేజీలకు సిలబస్ ఇచ్చి, పరీక్షలు పెట్టి, డిగ్రీలిస్తుంది. కేరీ ఇంగ్లండులో చెప్పులు కుట్టి బతికిన మనిషి. మాదిగ కుర్రాడు చేతిలో పట్టుకునే బి.డి. పట్టా ఒక చెప్పులు కుట్టేవాడు పెట్టిన కాలేజీది. ఈ మాట సెమినరీల్లో ఎవరైనా గట్టిగా చెబితే బాగుండేది.

ఇంటర్ చదివినవాళ్లు బి.టి.హెచ్.లో చేరతారు. డిగ్రీ ఉన్నవాళ్లు నాలుగేళ్ల బి.డి. చదువుతారు. ఆపైన ఎం.టి.హెచ్. బి.టి.హెచ్. ప్రాంతీయ భాషల్లోనూ నడుస్తుంది. బి.డి. మాత్రం ఇంగ్లీషే. పాత నిబంధన, కొత్త నిబంధన, క్రైస్తవ సిద్ధాంతం, సంఘ చరిత్ర, నీతిశాస్త్రం, ఇతర మతాలు, సమాజ విశ్లేషణ, స్త్రీల అధ్యయనం, సంఘ కాపరి పని, వీటన్నిటితోబాటు హీబ్రూ లేదా గ్రీకు. తెలుగు మీడియంలో జిల్లా పరిషత్ హైస్కూల్ నుంచి వచ్చిన పిల్లవాడు ఇంగ్లీషు ద్వారా హీబ్రూ నేర్చుకోవాలి. మొదటి సంవత్సరం వాడికి పాఠం అర్థం కాదు, పాఠం చెప్పే భాషా అర్థం కాదు. దీన్ని 'విశ్వాసంలో పరీక్ష' అని సర్దిచెప్పే అధ్యాపకులున్నారు. ఇది విశ్వాసం సమస్య కాదు. మనకు ఎలాంటి బడులిచ్చారు అన్న సమస్య.

ఆదివారం పని

వేదాంత విద్యలో సగం తరగతి బయట ఉంటుంది. సెనేట్ కోర్సుల్లో ఫీల్డ్ వర్కు చదువులో భాగం. శనివారం సాయంత్రం బైబిలూ, మార్చుకోడానికి ఒక జత బట్టలూ సంచిలో వేసుకుని విద్యార్థి తనకు అప్పగించిన సంఘానికి బయల్దేరతాడు. పెద్ద చర్చి అయితే సండే స్కూలో, యువజనుల కూటమో అప్పగిస్తారు. చిన్న స్వతంత్ర సంఘమైతే అన్నీ అతనే.

ఉప్పల్, నాచారం ఎలాంటి ప్రాంతాలో తెలిస్తేనే ఆ 'అన్నీ' ఏంటో అర్థమవుతుంది. నాచారం, ఉప్పల్, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామిక వాడలు. హబ్సిగూడ వైపు ఎన్.జి.ఆర్.ఐ., సి.సి.ఎం.బి. లాంటి కేంద్ర పరిశోధనా సంస్థలు, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా, నాచారంలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి, అదే నాచారంలో ఎన్.టి. రామారావు కట్టించిన రామకృష్ణ స్టూడియో. ఒకే రోడ్డు మీద శాస్త్రవేత్త ఉంటాడు, ఫ్యాక్టరీలో షిఫ్టు చేసి వచ్చే కాంట్రాక్టు కార్మికుడూ ఉంటాడు. నల్లగొండ, వరంగల్, పాలమూరు జిల్లాల నుంచీ, కోస్తా నుంచీ బతకడానికి వచ్చిన మాల మాదిగ కుటుంబాలు ఈ వాడల బస్తీల్లో చేరాయి. 2007లో ఉప్పల్ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2017 నవంబరులో నాగోల్ దాకా మెట్రో రైలు వచ్చింది. భూమి ధరలు ఎటు పోయాయో ఇక్కడ అద్దెకుండేవాళ్లని అడిగితే చెబుతారు. అదే అద్దె సంఘానికీ వర్తిస్తుంది. రేకుల షెడ్డులో మొదలైన సంఘం ఇంటాయన కాదంటే ఇంకో మేడ మీది గదికి పోతుంది. అక్కడ పక్కింటివాళ్లు మైకు మీద పోలీసులకు చెబితే ఇంకో గదికి.

ఊళ్లో చర్చి అంటే వాడలో కట్టిన గుడి, తాత తండ్రుల సమాధులు, ఒకే కులం. ఇక్కడి సంఘం అలా కాదు. మాల, మాదిగ, కొందరు బి.సి.లు, ఆ మధ్య బీహారు నుంచి వచ్చిన వెల్డరు, ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలో ప్రార్థన చేస్తే బాగయిందని వచ్చిన యాదవుల ఇల్లాలు. ఇలా రకరకాల మనుషులు ఒక చాప మీద కూర్చుంటారు. మేనమామ ఊళ్లో ఉన్నాడు, తండ్రి చనిపోయాడు, జీతం ఆగింది, భర్త తాగొచ్చి కొట్టాడు. ఇవన్నీ శనివారం రాత్రి ఇంటి ప్రార్థనల్లో విద్యార్థి చెవిన పడతాయి. ఇరవై రెండేళ్ల కుర్రాణ్ణి వాళ్లు 'అయ్యగారు' అంటారు. సంఘంలో వయసు పైబడ్డ అమ్మ కాళ్లకి దండం పెట్టబోతే వద్దని చెప్పడం అతను మొదట నేర్చుకునే పాఠం. సిలబస్‌లో లేదు.

పని జాబితా చూడండి. ఇంటింటి ప్రార్థనలు. ఆసుపత్రి సందర్శన. సండే స్కూలు. ఆదివారం ఆరాధనలో పాటలు, అప్పుడప్పుడూ ప్రసంగం. మే నెలలో సెలవుల బైబిలు బడి. పిల్లల ఫీజు రాయితీకి దరఖాస్తు రాయడం, ఆధార్ కార్డులో పేరు తప్పు పడితే మీ-సేవకు తోడు పోవడం, పి.ఎఫ్. డబ్బు ఆగితే ఫారం నింపడం. సమాజ శాస్త్రం పుస్తకాల్లో దీన్ని సంక్షేమ కృషి అంటారు. చర్చిలో దీనికి పేరు లేదు, 'సేవ'లో కలిసిపోయింది. యూనియన్ లేని కాంట్రాక్టు కార్మికుడికి కాగితం చదివిపెట్టే మొదటి మనిషి చాలాసార్లు ఈ విద్యార్థే. ఈ విషయం ఉద్యమాల్లో ఉన్నవాళ్లు గుర్తించకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది. 1991 ఆగస్టులో చుండూరు దళితులు ఊరు విడిచి తెనాలి వచ్చినప్పుడు వాళ్లు తలదాచుకున్నది సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో. ఉద్యమానికి నేల కావలసి వచ్చినప్పుడు చర్చి ఆవరణ గుర్తొచ్చింది, ఆ ఆవరణని నడిపించే మనుషులు మాత్రం ఎవరికీ గుర్తురాలేదు.

పోషణ: ఎవరు ఇస్తారు, ఎందుకు దాక్కుంటారు

ఇప్పుడు డబ్బు సంగతి. సెమినరీలో విద్యార్థులు రెండు రకాలు. ఒక డయాసిస్ లేదా సినడు పంపినవాళ్లు మొదటి రకం. ఖర్చులో కొంతైనా సంఘం భరిస్తుంది, చదువయ్యాక పని ఇచ్చే బాధ్యత కూడా దానిదే. పంపించే కమిటీలో ఎవరున్నారు, వాళ్లు మాలలా మాదిగలా, బిషప్ ఎన్నికల్లో ఎవరి వైపు ఓటేశారు అన్న లెక్కలు ఇక్కడ బాగా పని చేస్తాయి. 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం ప్రభుత్వ రిజర్వేషన్ల గురించి అడిగిన ప్రశ్నను చర్చి లోపల అడగడానికి ఇప్పటికీ చాలామంది ఇష్టపడరు. రెండో రకం, స్వతంత్ర విద్యార్థులు. వెనక సంఘం లేదు, ఉన్నా అది నాచారం మేడ మీది గది. ఫీజు, మెస్సు, పుస్తకాలు, బస్సు పాసు అన్నీ సొంతం. ఇతను ఉత్తరం రాయాలి.

'సపోర్టు లెటర్' అనే ఈ ఉత్తరం ఒక సాహిత్య ప్రక్రియ అయిపోయింది. ఫోటో, సాక్ష్యం, ఇంటి పేదరికం, ప్రార్థన మనవులు, చివర బ్యాంకు ఖాతా. దాత విదేశంలో ఉంటే అందులో కులం ఒక రకంగా కనపడుతుంది: 'అంటరాని కుటుంబంలో పుట్టి' అని. దాత హైదరాబాద్‌లోనే ఉంటే కులం అసలు కనపడదు. ఒకే మనిషి ఒక ఉత్తరంలో కులాన్ని చూపించి, ఇంకో ఉత్తరంలో దాచాలి. చూపించినప్పుడు జాలి, దాచినప్పుడు మర్యాద. రెండిట్లోనూ అతను చదివే చదువుకి, చేసే పనికి వెల కట్టినట్టు ఉండదు. పని చేసేవాడికి కూలి హక్కు. సేవకుడికి మాత్రం పోషణ ఒకరి దయ.

మరి స్థానికంగా ఇవ్వగలిగినవాళ్లు లేరా? ఉన్నారు. ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక చుట్టూ రైల్వేలో, బ్యాంకుల్లో, బడుల్లో, కేంద్ర సంస్థల్లో ఉద్యోగాలు చేసే దళిత కుటుంబాల్లో ప్రార్థించేవాళ్లు తక్కువ కాదు. నెలకు పదిమంది కలిస్తే ఒక విద్యార్థి మెస్సు బిల్లు పెద్ద లెక్క కాదు. కానీ వాళ్లు పేరు రాసి ఇవ్వరు. ఎందుకివ్వరో చట్టం చూస్తే తెలుస్తుంది.

1950 ఆగస్టు 10న వచ్చిన రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులనూ ముస్లింలనూ చేర్చలేదు. మన దగ్గర షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లనీ వాళ్ల సంతానాన్నీ బి.సి.-సి.లో పెట్టి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. 1977లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 341తో చట్టబద్ధం కాని కొన్ని ఆర్థిక రాయితీలు వీళ్లకీ వర్తింపజేసింది. అంతే. 1985లో సూసై కేసులో, మద్రాసులో చెప్పులు కుట్టే ఒక క్రైస్తవ దళితుడు వేసిన పిటిషన్‌ని సుప్రీంకోర్టు కొట్టేసింది. మతం మారాక కూడా అదే స్థాయి వెనకబాటు ఉందని రుజువు చూపలేదని చెప్పింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మూడో పేరా తీసేయమని సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం ఇదే ప్రశ్న పరిశీలించడానికి జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ని వేసింది.

మన కుర్రాడికి దగ్గరగా తగిలేది 2025 ఏప్రిల్ నాటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు. గుంటూరు వైపు ఒక పాస్టరు తన మీద కులం పేరుతో దాడి చేశారని అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టాడు. పదేళ్లుగా పాస్టరుగా పని చేస్తున్నవాడు షెడ్యూల్డు కులస్థుడుగా ఉండలేడు, చేతిలో సర్టిఫికెట్ ఉన్నా సరే అని కోర్టు ఆ కేసు కొట్టేసింది. గమనించండి, ఇక్కడ మతం మారాడు అనడానికి సాక్ష్యం అతని ఉద్యోగమే. మామూలు విశ్వాసి ఆదివారం చర్చికి పోయి సోమవారం ఆఫీసుకి పోగలడు. పాస్టరు ఎక్కడికీ పోలేడు. బోర్డు మీద పేరు ఉంటుంది. వేదాంత కళాశాలలో చేరడమంటే, బాప్తిస్మం సర్టిఫికెట్, పాస్టరు గారి ఉత్తరం జతచేసి దరఖాస్తు పెట్టడమంటే, తన కులం మీద జరిగే దాడిని కులం దాడి అని చెప్పుకునే హక్కు వదులుకోవడమే. కొట్టేవాడు మాత్రం బాప్తిస్మం సర్టిఫికెట్ చూసి కొట్టడు.

ఇక దాత వైపు చూడండి. ఎస్.సి. సర్టిఫికెట్ మీద ఉద్యోగం తెచ్చుకున్న మనిషి చర్చి పద్దు పుస్తకంలో తన పేరు చూసుకోడానికి జంకుతాడు. రసీదు అంటే సాక్ష్యం. అందుకని కవర్లో పెట్టి, పేరు రాయకుండా కానుక సంచిలో వేస్తాడు. ఆ డబ్బు పాస్టరు చేతికి పోతుందే తప్ప, ఫలానా విద్యార్థి ఫీజుకని చేరదు. పేరు లేని దాత లెక్క అడగలేడు. కమిటీలో కూర్చోలేడు. సెమినరీలో ఏం చెబుతున్నారని ప్రశ్నించలేడు. ఏ భయమూ లేని విదేశీ దాత పేరు మాత్రం గోడ మీద పాలరాయి మీద ఉంటుంది, మాట కూడా అతనిదే చెల్లుతుంది. దళిత క్రైస్తవులు పరాయి డబ్బు మీద ఆధారపడతారని ఎద్దేవా చేసేవాళ్లు ఈ మూడో పేరాను ఒకసారి చదవాలి. సొంత డబ్బు బయటికి రాకుండా ఆపింది ఆ పేరాయే అని నా అభిప్రాయం.

ఆ విదేశీ డబ్బు కూడా ఇప్పుడు సన్నబడింది. విదేశీ విరాళాల చట్టం 1976లో వచ్చింది, 2010లో కొత్తగా రాశారు. 2017 మార్చిలో కంపాషన్ ఇంటర్నేషనల్ మన దేశంలో పని ఆపేసింది. దాని కింద చర్చిల్లో నడిచిన పిల్లల కేంద్రాలు మూతపడ్డాయి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తెచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడం నిషేధం. పాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది. పెద్ద సంస్థ చిన్న సంఘానికి పంచే దారి దీంతో పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో గత ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం మొదలుపెట్టింది. అది పాస్టర్లకు, విద్యార్థులకు కాదు. పైగా ప్రభుత్వం దగ్గర పాస్టరుగా పేరు నమోదు కావడమంటే ఏంటో పైన చెప్పుకున్నాం.

చదువులో కులం ఎక్కడ?

ఇంత ఖర్చు పెట్టి చదివే చదువులో ఈ విషయాలున్నాయా? ఒకప్పుడు లేవు. 1981లో బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగంతో మార్పు మొదలైంది. భారతీయ క్రైస్తవ వేదాంతం అంటూ అంతదాకా నడిచింది బ్రాహ్మణ తత్వశాస్త్రంతో యేసుకు పొత్తు కుదిర్చే పని. చర్చిలో కూర్చున్న మెజారిటీ మనుషుల అనుభవం అందులో లేదు అని ఆయన ఎత్తిచూపాడు. ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు తమ పూర్వీకుల దిక్కులేనితనాన్ని, బానిసత్వాన్ని తలచుకుని చేసే ఒప్పుకోలుని ఆయన దళితుల చరిత్ర పక్కన పెట్టి చదివాడు. 1987లో మద్రాసు గురుకుల్ లూథరన్ కాలేజీలో దళిత వేదాంతానికి ఒక శాఖ ఏర్పడింది. అంతకుముందే, 1982లో, ఉస్మానియాలో తత్వశాస్త్రం చెప్పిన కె. విల్సన్ దళిత క్రైస్తవులు రెండుసార్లు పరాయివాళ్లయ్యారని పుస్తకం రాశాడు. ఒకసారి హిందూ సమాజంలో, ఇంకోసారి చర్చిలో. హైదరాబాద్‌లో అచ్చయిన ఆ పుస్తకం ఇక్కడి విద్యార్థులే ఎక్కువగా చదవలేదు.

కేథలిక్కుల దగ్గర లెక్క వేరు. మన కేథలిక్ చర్చిలో రెడ్లు, కమ్మలు పద్దెనిమిదో శతాబ్దం నుంచీ ఉన్నారు కాబట్టి, గురువులూ మేత్రాణులూ ఏ కులం నుంచి వచ్చారన్నది ఎప్పుడూ సెగ ఉన్న ప్రశ్నే. 2016 డిసెంబరులో భారత కేథలిక్ బిషప్పుల సమాఖ్య దళితుల సాధికారత మీద విధాన పత్రం తెచ్చి, చర్చి లోపలి వివక్షను ఘోర పాపమని ఒప్పుకుంది. 2020లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి అయిన పూల ఆంథోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు, ప్రపంచంలోనే మొదటి దళిత కార్డినల్. ఏడో తరగతి తర్వాత పేదరికం వల్ల తన చదువు ఆగిపోయిందని, మిషనరీలు కడప తీసుకుపోయి చదివించారని ఆయనే చెప్పారు. ఇది అందరూ గొప్పగా చెప్పుకునే కథే. కానీ ఏడో తరగతిలో ఆగిపోయినవాళ్లలో ఎవరినీ ఏ మిషనరీ చూడకపోతే ఏమవుతుంది అన్నది ఆ కథ అడగదు.

ఆడపిల్లల సంగతి

వేదాంత విద్యార్థి అన్నప్పుడల్లా 'అతను' అని రాస్తూ వచ్చాం. వాస్తవానికి తెలుగు చర్చిని ఇళ్లలోకి తీసుకుపోయింది బైబిలు స్త్రీలు. మగ బోధకుడు గడప దాటలేని చోట వాళ్లు వంటింట్లో కూర్చుని చదివి వినిపించారు. జేమ్స్ ఎలీషా తానేటి 2013లో వచ్చిన తన పుస్తకంలో ఈ చరిత్ర తవ్వి చూపించాడు. 2013లోనే ఎగ్గోని పుష్పలలిత నంద్యాలకు బిషప్ అయ్యారు, సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్. అయినా స్వతంత్ర సంఘాల్లో ఆడవాళ్లు పుల్పిట్ ఎక్కడం ఇప్పటికీ అరుదు. బి.డి. చదివిన అమ్మాయి ఒక పాస్టరుని పెళ్లి చేసుకుంటే 'అమ్మగారు' అవుతుంది. సండే స్కూలు, స్త్రీల కూడిక, పాటలు, వచ్చినవాళ్లందరికీ టీ, చనిపోయిన ఇంట్లో రాత్రంతా తోడు. జీతం ఆయన పేరున, ఉంటే. పోషణ ఉత్తరాల్లో ఆమె 'నా భార్య, పరిచర్యలో నా సహాయకురాలు' అని ఒక వాక్యం. ఇద్దరు చదివితే ఇద్దరి ఫీజు కట్టాల్సి వచ్చింది కదా, మరి ఒక్కరి పనికే లెక్క ఎందుకు అని నాచారంలోనో ఉప్పల్‌లోనో సంఘ కమిటీలు అడుగుతున్న దాఖలా కనపడదు.

ఇవ్వదలచుకున్నవాళ్లకి

ఈ పత్రిక పాఠకుల్లో ఉపాధ్యాయులున్నారు, ఉద్యోగులున్నారు. నమ్మకం ఉన్నా లేకపోయినా ఒక దళిత విద్యార్థి చదువుకు సాయం చేయాలనుకుంటే కొన్ని తెలిసి ఉండాలి.

చేరిన కాలేజీ సెరంపూర్ సెనేట్‌కు అనుబంధమా, ఆసియా థియొలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉందా, లేక ఏదీ లేదా అన్నది ముందు చూడాలి. ఏదీ లేని ఒక్క సంవత్సరం కోర్సుకి 'డాక్టరేట్' దాకా ఇచ్చేవాళ్లున్నారు. చదువు అయ్యాక ఇంకో కాలేజీలో చేరాలంటే ఆ కాగితం పనికిరాదు. రెండేళ్ల యవ్వనం పోయాక ఆ విషయం తెలుస్తుంది. అసలు ఏ వేదాంత డిగ్రీతోనైనా బయట ఉద్యోగం వెతుక్కోవడం కష్టమే కాబట్టి, చేరేముందు మామూలు డిగ్రీ పూర్తి చేయమని చెప్పడం మేలు. దేవుడి పిలుపుకు ఇది అడ్డం కాదు. పేరయ్య కూడా తోళ్ల వ్యాపారం తెలిసినవాడే.

విదేశం నుంచి పంపే బంధుమిత్రులుంటే ఒక తేడా గమనించాలి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నా, భారత పాస్‌పోర్టు ఉన్న మనిషి తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే చట్టం దాన్ని విదేశీ విరాళంగా చూడదు. అదే మనిషి ఆ దేశ పౌరసత్వం తీసుకుని ఓ.సి.ఐ. కార్డు మీద ఉంటే, చట్టం దృష్టిలో అతను విదేశీ. అతని డబ్బు మతపరమైన పనికి విద్యార్థి సొంత ఖాతాలో పడితే, రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా తీసుకున్నట్టవుతుంది. చట్టం సంస్థలకే కాదు, వ్యక్తులకూ వర్తిస్తుంది. ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఈ సంగతి చెప్పేవాళ్లు ఉండరు. నోటీసు వచ్చాక ఉత్తరం రాసిన దాత కూడా ఉండడు.

స్థానికంగా ఇచ్చేటప్పుడు డబ్బు పాస్టరు చేతికో విద్యార్థి చేతికో కాకుండా కాలేజీ మెస్సు, ఫీజు ఖాతాకే కట్టడం మంచిది. పది మంది కలిసి ఇచ్చేటప్పుడు, ఉద్యోగం వల్ల పేరు రాయించుకోలేనివాళ్లుంటే, పేరు రాయించుకోడానికి ఇబ్బంది లేనివాళ్లు, అంటే రిటైరైనవాళ్లు, ప్రైవేటు కొలువుల్లో ఉన్నవాళ్లు, బి.సి.-సి. కాగితం ఉన్నవాళ్లు, ముందు నిలబడి రసీదు తీసుకోవచ్చు. పుస్తకాల ఖర్చు, శనివారం సాయంత్రం ఉప్పల్ దాకా బస్సు ఖర్చు కూడా అందులో కలపాలి. ఫీజు కట్టి బస్సు డబ్బులు మరిచిపోయే దాతలే ఎక్కువ.